చేప కింద గురి

గూడూరు వాగులో బరిసెతో చేపలు కొట్టేటప్పుడు మా చిన్నాయన కనిపించిన చేప మీదికి విసిరేవాడు కాదు. దానికి జానెడు కిందికి గురిపెట్టేవాడు. "నీళ్లు దాన్ని పైకి సూపిస్తయి బిడ్డా. కనవడ్డ కాడ ఉండదది," అనేవాడు. ఎవరు ఏ మాటిచ్చినా అంతే, కాస్త తగ్గించే నమ్మేవాడు.

అలాంటి మనిషి, తెలంగాణ ఇస్తామని ఢిల్లీ ప్రకటించిన మర్నాడు ఊళ్లో అందరికంటే ముందు గులాల్ చల్లాడు, డప్పుల ముందు చిందేశాడు. కొన్నాళ్లకే ఢిల్లీ మాట మార్చింది.

ఆ సాయంత్రం వాగు ఒడ్డున బరిసె పక్కన పెట్టి ఊరికే కూర్చున్నాడు. "నువ్వు గూడ ఎట్ల నమ్మినవు చిన్నాయినా?" అన్నాను.

నీళ్లలోకే చూస్తూ చెప్పాడు. "గంత దగ్గర కనవడ్డది బిడ్డా. కిందికి గురిపెట్ట బుద్ధి కాలే."