వస పోసినా రాని మాట

మా చిన్నప్పుడు... నాయనమ్మ సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తున్న చప్పుడైతే చాలు, చెల్లెలు చంద్రి పరుగెత్తి బర్రెల కొట్టంలో గడ్డి వెనక నక్కేది. పట్టుకొచ్చి ఆ గంధం నాలుకకు రాసేవారు. పిల్ల కక్కేది. "కక్కనియ్... నోరన్న కదులుతది" అనేది నాయనమ్మ.

వస అంటే ఘాటైన వేరు. పసిపిల్లల నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయని నమ్మకం. ఎవరైనా అదేపనిగా వాగుతుంటే "వీనికి వస ఎక్కువైంది" అంటారే, అది ఇదే. ఆ మాట పడ్డవాళ్ళలో నేను మొదటి వరస. నా రాతలు చదివేవాళ్ళకు అది చెప్పనక్కర్లేదు...

ఛత్రినాకలో మా ఇల్లు. ముందు రెండు గదులు, వెనక ఆరు బర్రెలు. నిజాం రోజులు. నాకు ఏడేళ్ళు. చంద్రికి మూడు నిండవస్తున్నాయి, ఒక్క మాట లేదు. వేలు చూపించేది, అంతే.

మా బర్రెల్లో దొరసాని అని ఒకటుండేది. పక్కన కూర్చుని పొగిడితేగానీ పాలు చేపేది కాదు. "మా తల్లివి గదా, మా రాణివి గదా..." అని మా నాన్న, మేం పిలిచే బాపు, రోజూ దాన్ని బతిమాలేవాడు. అమ్మకు పేడ ఎత్తడం, పాలు కాచడం, పెరుగు తోడెయ్యడం. ఎవరినీ అనడానికి లేదు. కానీ బర్రెతో ఆడినన్ని మాటలు మా ఇంట్లో ఆ పిల్లతో ఎవరూ ఆడలేదు.

నేను వాగేవాణ్ణి కదా అంటారు. నిజమే. కానీ నేను దానితో మాట్లాడలేదు... దాని బదులు మాట్లాడాను. వేలు లేవగానే "దానికి నీళ్ళు గావాల్నంట", "దానికి అటుకులు గావాల్నంట". అన్నీ నేనే. ఇంటిల్లిపాదీ నాతో అనే మాట మాత్రం ఒక్కటే... "చుప్!"

గల్లీలో 'మూగ చంద్రి' అనే పేరు మొదలైంది. అలాంటి పేరు ఒకసారి అంటుకుంటే పెళ్ళి పందిరి దాకా వెంట వస్తుంది. అమ్మ నీళ్ళు పట్టే నల్లా దగ్గరికి పిల్లను తీసుకెళ్ళడం మానేసింది.

ఒకరోజు నాయనమ్మ తీర్పు చెప్పేసింది. "ఇగ వసతోని గాదు. అమాసకు చాంద్రాయణగుట్ట దిక్కు తీస్కపోయి చెవి కింద వాత పెట్టిస్త. మాట అదే ఊడిపడ్తది."

వాత అంటే ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీ. అత్తకు ఎదురు చెప్పే కాలం కాదు. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అమ్మ అలాగే చూస్తూ నిలబడింది... అమావాస్యకు ఇంకా ఐదు రోజులు.

పక్కింట్లో జరీ కుట్టే ముస్లిం ఆవిడ ఉండేది. ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచేవాళ్ళం. పాలకు వచ్చినప్పుడు అమ్మ ఆమె ముందు ఏడ్చేసింది. ఖాలా చంద్రి వెనక్కి వెళ్ళి లోటాతో బకెట్టు మీద టక్కున కొట్టింది. చంద్రి గిర్రున తిరిగింది.

"సునీ నా? ఇన్నది గద, చెవులు మంచిగున్నయమ్మా."

చంద్రి ఆ లోటా వైపు వేలు చూపింది. నేను ఊరుకుంటానా! "దానికి ఆ లోటా గావాల్నంట ఖాలా!"

ఖాలా నన్ను పైనుంచి కిందికి చూసింది. "బీమారీ పిల్లకు లేదు. ఇగో, ఈడుంది. అరె పోరగా, నువ్వు నోరు మూస్తే గద అది నోరు తెరిచేది!"

మందు కూడా తనే చెప్పింది. చంద్రి ఎదురుగా ఉన్నంతసేపూ నా నోట్లో నీళ్ళు ఉండాలి.

"మింగితే?" అన్నాను.

"మింగితే మళ్ళ పోస్కో."

తర్వాత అమ్మవైపు తిరిగింది. "నీ మరద్ బర్రెకు చెప్తడే, గా ముచ్చట్లు నువ్వు బిడ్డకు చెప్పు. చెప్పి ఆగు. జవాబు వచ్చేదాక ఆగాలె. ఫికర్ నక్కో, అంతా మంచిగయితది."

"సూది పట్టేదానికి వైద్యమేం ఎరుక?" అని నాయనమ్మ మూతి తిప్పింది.

మొదటిరోజు చంద్రి వేలు చూపింది. నా నోరు కదలలేదు. ఏడ్చింది. అమ్మ చెయ్యి అటుకుల డబ్బా దాకా వెళ్ళి ఆగింది. రెండోరోజు వచ్చి నా బుగ్గలు నొక్కింది, నీళ్ళన్నీ దాని మొహం మీదే. మూడోరోజు, నాలుగోరోజు... ఏమీ లేదు. నాయనమ్మ నిమ్మకాయలు, కొత్త గుడ్డ తీసిపెట్టుకుంది. తెల్లారితే అమావాస్య.

ఆ సాయంత్రం బాపు దొరసాని దగ్గర కూర్చున్నాడు. అమ్మ ఒళ్ళో చంద్రి. పాలు పితికే తంబాళిలో నురగ పొంగుతుంటే చంద్రి వేలు లేచింది.

"ఏంది బిడ్డా?" అని అమ్మ అడిగి ఆగింది. బాపు చేతులు కూడా ఆగాయి. ఎంతసేపో... ఇక నా వల్ల కాలేదు. నీళ్ళు గుటుక్కున మింగేశాను.

"దానికి నుర..."

చంద్రి నా వైపు తిరిగింది.

"చుప్!" అంది.

లోపలి నుంచి నాయనమ్మ "ఎవరన్నరే?" అని కేకేసింది. చంద్రి తంబాళి వైపు చూసి, నెమ్మదిగా, "నులగ" అంది.

అమ్మ దోసిలితో నురగ పట్టి తాగించింది. వేళ్ళ సందుల్లోంచి సగం ఒళ్ళోనే కారిపోయింది. వాత కోసం తెచ్చిన నిమ్మకాయలు మర్నాడు పులిహోర అయ్యాయి. అంతా వస మహిమేనని నాయనమ్మ పోయేదాకా చెప్పుకుంది.

ఆ తర్వాత చంద్రి ఎనభై ఏళ్ళకు పైగా ఆగలేదు. మలక్‌పేటకు కాపురానికి వెళ్ళాక కూడా, పండక్కి వచ్చి నేను ముచ్చట మొదలుపెడితే చాలు... "చుప్ అన్నా, నేను జెప్త." పోయిన వానాకాలం అదీ వెళ్ళిపోయింది. ఇప్పుడు నన్ను చుప్ అనేవాళ్ళు లేరు. ఏమిటో, మాట్లాడబుద్ధి కూడా కావడం లేదు...

మునిమనవడికి రెండున్నరేళ్ళు. ఇంకా మాటలు రాలేదు. వేలు లేవకముందే వాడికి అన్నీ చేతికొస్తాయి. తినేటప్పుడు ఫోను పాడుతుంది, ఏడిస్తే ఫోను ఆడిస్తుంది. వాళ్ళ అమ్మానాన్నలను తప్పు పట్టను... పొద్దంతా అలసిపోయి వస్తారు. మాకు బర్రెలు, వీళ్ళకు ఆఫీసులు. నాకూ ఓపిక లేదు. అయినా నిన్నటి నుంచి నోట్లో నీళ్ళు పోసుకుని వాడి ముందు కూర్చుంటున్నాను. పళ్ళు లేని నోరు, సగం చొక్కా మీదే. వాడు నా బుగ్గలు నొక్కి నవ్వుతున్నాడు.

మీ ఇంట్లో పసివాళ్ళ తొలి మాట ఏమిటి... దాని కోసం ఎవరు ఆగారు... తీరిగ్గా రాయండి. మధ్యలో నేను మాట్లాడను.