హీటర్ ప్లగ్గుల ఆదివారాలు

మొన్న పొగమంచులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్దామని గురుగ్రామ్‌లో క్యాబ్ ఎక్కాను. డ్రైవరు తాళం సగం తిప్పి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. స్టీరింగు వెనక చిన్న స్ప్రింగు బొమ్మతో ఒక పసుపు దీపం వెలిగింది. "క్యా హువా భయ్యా?" అన్నాను. "కుఛ్ నహీ ఆంటీ, డీజిల్ గాడీ హై న, హీటర్ ప్లగ్ గరమ్ హో రహా హై" అన్నాడు. ప్లగ్గు వేడెక్కాక దీపం ఆరింది, బండి కదిలింది. ఈ కాలం బళ్లు వాటి ప్లగ్గుల్ని అవే పరీక్షించుకుంటాయట. అదృష్టం. మా మావయ్య కాలంలో ఆ పని మా అత్త వేళ్లు చేసేవి.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ఢిల్లీలో పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఎనభైల మొదట్లో నేను నర్సింగు చదవడానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చి వాళ్లింట్లోనే ఉన్నాను. వాళ్లిల్లు అనడం అలవాటు కొద్దీ గానీ ఆ క్వార్టరు అత్త పేరు మీదే ఉండేది. మావయ్యది పెట్రోలు ఇంజన్ పీకించి డీజిలుది వేయించుకున్న పాత ట్యాక్సీ. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేవాడు, పాస్టరుగారిని ఊరికే ఇంటి దగ్గర దింపేవాడు. "మీ ఆయన దేవుడమ్మా" అనేవారు పక్క బెంచీ ఆడవాళ్లు. ఆ దేవుడి బండిలో అత్త ఏనాడూ డ్యూటీకి వెళ్లలేదు. బస్సులో వేలాడుతూ వెళ్లేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ, మావయ్య వీధిలో పావురం.

చలికాలంలో డీజిల్ ఇంజన్ ఊరికే లేవదు. లోపల ముందుగా కాస్త వేడి పుట్టాలి. ఆ వేడినిచ్చే వేలెడంత ఇనప కడ్డీలే హీటర్ ప్లగ్గులు. మావయ్య ఇంజనుకి నాలుగుండేవి. శీతాకాలం ఆదివారాలు చర్చికి ముందు వాటిని విప్పి, వరండాలో ముక్కాలిపీట మీద బ్యాటరీ పెట్టి, ఒక్కొక్కదాన్నీ పట్టకారుతో పట్టుకుని తీగ ఆనించేవాడు. బాగున్న ప్లగ్గు కొస కాసేపటికి ఎర్రబడుతుంది. వరండాలో ఎండ ఏటవాలుగా మీద పడుతుంటే ఆ ఎరుపు కంటికి ఆనేది కాదు. గదిలోకి తీసుకెళ్తే గుడ్డివాడికి కూడా కనపడేది. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు. తెలిసే "ఒసే, ఇలా రా" అని అత్తని పిలిచేవాడు. "బతికుందా, చచ్చిందా? ముట్టుకుని చెప్పు. పెనం వేడెక్కిందో లేదో చూడవూ, ఇదీ అంతే."

అత్త చూపుడువేలూ మధ్యవేలూ చాపి కొసకి తాకించి లాక్కునేది. "కంగారుపడితే ఎలా? గట్టిగా పట్టుకు చూడు" అనేవాడు. మళ్లీ ముట్టుకునేది. నేను ఒకసారి తడిగుడ్డ తెస్తే, "నర్సు చేతులు కాలవులేవే, స్పిరిట్లో నానినవి" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత చర్చిలో అత్త పక్కన కూర్చుంటే పాటల పుస్తకం పేజీ తిప్పడానికి ఆవిడ ఉంగరం వేలు వాడటం చూసేదాన్ని.

కాలిన చోటే మళ్లీ కాలి, మానిన చోటే మళ్లీ మాని, ఆ రెండు వేళ్ల కొసలూ కాయకట్టాయి. మామూలు ఆడవాళ్లకైతే అది వంటింటి గుర్తు అనుకుని ఊరుకునే సంగతి. నర్సుకి ఆ రెండు వేళ్లే అన్నం. ఎడంచేత్తో నాడి చూడటం నేర్చుకోబోయింది, కుదరలేదు. ఒకనాడు బలహీనంగా ఉన్న రోగి నాడి అందక, లేదనుకుని వార్డంతా పరుగెత్తించింది. ఆ ముసలాయన లేచి కూర్చుని టీ అడిగాడు. అత్తని వార్డులోంచి తీసి, దుప్పట్లూ దిండు గలీబులూ లెక్కచూసే గదిలో వేశారు. ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చింది. "అచ్ఛా! మంచిదేగా, దుప్పట్లకి నాడి ఉండదు" అన్నాడు మావయ్య, పప్పులో నెయ్యి కలుపుకుంటూ. ఆయన్ని నేను అసహ్యించుకున్నంతగా జీవితంలో మరెవర్నీ అసహ్యించుకోలేదు.

తర్వాతి చలికాలం, ఒక ఆదివారం. మొదటి ప్లగ్గు చూడటం అయింది. రెండోది పట్టుకోబోతూ మావయ్య పట్టకారు వదిలేసి గుండె పట్టుకున్నాడు. మొహం మీద చెమట. గోడకి జారగిలబడిపోయాడు. అత్త ఆయన మణికట్టు అందుకుని వేళ్లు అటూ ఇటూ జరిపింది. "నాకు అందట్లేదే, నువ్వు చూడు" అంది. నేను చూశాను. సన్నగా, తడబడుతూ కొట్టుకుంటోంది. "ఉందత్తా" అన్నాను. బయట పొగమంచు, రోడ్డు మీద ఆటో అన్నది లేదు. ఉన్నదల్లా ఆయన ట్యాక్సీ. దాని ప్లగ్గులు వరండాలో ఉన్నాయి.

నా కేక విని పక్క క్వార్టరు సర్దార్జీ అంకుల్ పరుగెత్తుకొచ్చి ప్లగ్గులు బిగించబోయాడు. అత్త ఆయన చేతిలోంచి తీసేసుకుంది. "రుకియే భాయీ సాబ్. బినా టెస్ట్ కియే లగాయా తో యే నారాజ్ హోతే హైఁ" అంది, చూడకుండా బిగిస్తే ఈయనకి కోపం వస్తుందని. పీట ముందు కూర్చుని రెండో ప్లగ్గుకి తీగ ఆనించింది. వేడెక్కేదాకా ఆగింది. వేళ్లు ఆనించి, మావయ్య వైపు తిరిగి, "బతికుంది" అంది. మూడోది తీసుకుంది. నేనెరిగి ఆయన అత్తని ఒసే అని తప్ప పిలవలేదు. ఆ రోజు "తల్లీ... తొందరగా" అన్నాడు. "కంగారుపడితే ఎలాగండీ? గట్టిగా పట్టుకు చూడాలిగా" అంది అత్త, చాలా మెత్తగా. నాలుగోదీ అలాగే చూసింది. సర్దార్జీ అంకుల్ తలపాగా మీద చేతులు పెట్టుకున్నాడు. నాకేమనిపించిందో దాచుకోవడం ఎందుకు? తృప్తిగా ఉంది.

బండి ఒక్క తాళానికే లేచింది. సర్దార్జీ అంకుల్ నడిపాడు. వెనక సీట్లో అత్త దారి పొడుగునా ఆయన మణికట్టు వదల్లేదు. ఆసుపత్రి చేరాక కుర్ర డాక్టరు మావయ్య కనురెప్పలు ఎత్తి చూసి, "సిస్టర్, పల్స్ కబ్ గయీ?" అని, నాడి ఎప్పుడు ఆగిందో అడిగాడు. అత్త కుడిచేతి రెండు వేళ్లూ డాక్టరు ముందు చాపింది. "పతా నహీ డాక్టర్ సాబ్. ఇన్ ఉంగ్లియోఁ కో పతా నహీ చల్తా." ఈ వేళ్లకి తెలియదంది.

ట్యాక్సీని తర్వాత సర్దార్జీ అంకులే తీసుకున్నాడు. ఆ నాలుగు ప్లగ్గులూ చాలా ఏళ్లు దివ్యంగా పనిచేశాయని కనపడినప్పుడల్లా చెప్పేవాడు. కాలం గాయాల్ని మాన్పుతుందంటారు. మాన్పుతుంది, కాదనను. మానిన చోట చర్మం దళసరెక్కుతుంది, ఆ తర్వాత అక్కడ ఏది తాకినా తెలియదు.