నాలుక కింద రెండు ఊటలు

సిరిసిల్లలో నా చిన్నప్పుడు, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెకు దారం ఎక్కించడమంటే నోటిపనే. లోపల దారం చుట్టిన కండె పెట్టి, నాడె చిల్లుకు పెదవులు ఆనించి గట్టిగా పీలిస్తే దారం కొస బయటికి వచ్చేది. మా నాయన మగ్గం మీద కూర్చుంటే ఆ పీల్చే పని నాదే. అదేదో పెద్ద ఉద్యోగమైనట్టు తెగ మురిసిపోయేదాన్ని.

పదేళ్లప్పుడు నాకో వింత బాధ పట్టుకుంది. అన్నం ముందు కూర్చోగానే కుడి దవడ కింద నిమ్మకాయంత వాపు! గంట పోయాక దానంతటదే దిగేది. ఆ నొప్పికి జడిసి తిండే మానేశాను. దారం పీల్చీ పీల్చీ నూలు పోగు లోపల ఇరుక్కుందని మా బాపమ్మ తేల్చేసింది. వాత పెడితేనే కరుగుతుందట! అన్నలు, అదే నక్సలైట్లు, బంద్‌కు పిలుపిచ్చారు, బస్సులు లేవు, కరీంనగర్ పెద్దాసుపత్రికి పోయే దారి లేదు. నాయన కూడా తల ఊపాడు. పొయ్యిలో కాలుతున్న పసుపుకొమ్మును చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి.

నా ఏడుపు విని పక్కింటి అక్క పరుగెత్తుకొచ్చింది. సర్కారు దవాఖానలో నర్సు ఆమె. "జర ఆగు బాపమ్మా, ముందుగాల సూద్దాం" అని నా నోరు తెరిపించి, నాలుక కింద గుడ్డతో తుడిచి, చింతపండు చప్పరించమంది. చేతికి అద్దమిచ్చింది. నాలుక కింద ఎడమ పక్క చిన్న చుక్కలోంచి నీళ్లు ఊరుతున్నాయి. కుడి పక్క చుక్క పొడిగా ఉంది, దవడ మాత్రం ఉబ్బుతోంది.

"సూసినవా బిడ్డా? దవడ కింద ఉమ్మి తయారుజేసే గ్రంథి ఉంటది. గాడికెల్లి నాలుక కిందికి సన్న కాల్వ. పులుపు తగిలితె నీళ్లు పారాలె. గీ పక్క ఏదో అడ్డం పడ్డది, గంతే. నూలు లేదు, గీలు లేదు."

వేడి గుడ్డతో కాపడం పెట్టింది. దవడ కింద బొటనవేలు ఆనించి గడ్డం వైపు మెల్లమెల్లగా ఒత్తింది. ఎంతసేపు ఒత్తిందో, విసుగే లేదు మహాతల్లికి! చివరికి ఉప్పటి నీళ్లతో పాటు నూకగింజంత తెల్లరాయి నా నాలుక మీద పడింది. బాపమ్మ పసుపుకొమ్మును నీళ్లలో ముంచేసి, "నా చేతులిరగ, పసిదాన్ని కాలుస్తుంటి గదనే!" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను మాత్రం రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

ఆ అక్క తర్వాత బదిలీ మీద జగిత్యాల వెళ్లింది. మళ్లీ కలవలేకపోయాను, ఆ బాధ ఉంది. నా పిల్లలకు, మనవలకు ఏ నలత చేసినా ముందు దీపం దగ్గరికి తీసుకెళ్లి నోరు తెరిపించి చూస్తాను. ముఖం కడుక్కుంటుంటే ఇప్పటికీ నా చెయ్యి కుడి దవడ కింద ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ వాత మచ్చ లేదు.