గాలిని కొలిచిన మూడు రోజులు

టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో బీరు తయారుచేసే ఒక చిన్న బ్రూవరీలో రెండేళ్లు సెల్లార్ టెక్నీషియన్‌గా పనిచేశాను. అక్కడి హోదాల్లో అది అన్నిటికన్నా కిందిది: ట్యాంకులు కడగడం, ఉష్ణోగ్రతలు రాయడం, గొట్టాలు మోయడం. మొదటి ఏడాదికే నడుం పట్టేసింది. ముప్పై నిండకుండానే ఆ వృత్తి మానేశాను. ఇది రెండో ఏడు ఆగస్టు నాటి సంగతి.

ఆ నెలలో అసిస్టెంట్ బ్రూవర్ ఉద్యోగం ఖాళీ అయింది. అది వస్తే గొట్టాలు మోసే పని తప్పుతుంది. హెడ్ బ్రూవర్ యాభై దాటిన ఆవిడ, మాట తక్కువ. నన్నూ ఇంకో టెక్నీషియన్‌నూ పిలిచి, చెరో ఐదు గ్యాలన్ల బీరు ఇంట్లో చేసి, ఉష్ణోగ్రతల పట్టికతో సహా మూడు వారాల్లో తెమ్మంది. ఇద్దరికీ దినుసులు ఒకటే, ఈస్ట్ ఒకటే. తేడా అంతా పులియబెట్టడంలోనే. ఆ ఈస్ట్‌కి 66 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 19 సెల్సియస్ కావాలి. పది డిగ్రీలు పెరిగితే బీరుకు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వస్తుంది, గొంతు మండుతుంది. మొదటి మూడు రోజులే కీలకం. ఆ తర్వాత సరిదిద్దడానికి ఏమీ మిగలదు.

మాది సింగిల్ బెడ్‌రూం అపార్ట్‌మెంట్. గది నాది, హాలు నా రూమ్మేట్ నవీన్‌ది. ఎంత తగ్గించినా ఏసీ 78 కిందికి దిగదు. పాత చిన్న ఫ్రిజ్ ఒకటి కొని నవీన్ పరుపుకీ గోడకీ మధ్య పెట్టాను. దానికో కంట్రోలర్ తగిలించాను. దాని సెన్సర్ ఫ్రిజ్ లోపల వేలాడుతుంది. వేడి 66 దాటితే ఫ్రిజ్ ఆన్ అవుతుంది, దిగితే ఆగుతుంది.

"అన్నా, ఇది ట్రాక్టర్ లెక్క మొత్తుకుంటుంది. నేనెట్ల పండాలె?" అన్నాడు నవీన్.

"కొన్నాళ్లు ఓర్చుకోరా. జాబ్ వస్తే ఇయర్‌ప్లగ్స్ కొనిస్తా."

"జాబ్ వస్తే బెడ్‌రూం నాకియ్యి."

శుక్రవారం పొద్దున్నే బీరు బకెట్‌ను అందులో పెట్టి, రోజుకు నాలుగుసార్లు డిస్‌ప్లే చూసి రాశాను. పన్నెండు గడుల్లో పదకొండు 66, ఒకటి 67. పట్టిక చూసి నాకే ముచ్చటేసింది.

ఆదివారాలు నవీన్ వారానికి సరిపడా దోసెల పిండి రుబ్బుకుంటాడు. అక్కడి ఎండలకు పొంగిన పిండిని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోతే పుల్లబడిపోతుంది. వంటింటి ఫ్రిజ్‌లో చోటు లేక, ఆ ఆదివారం రాత్రి గిన్నె నా ఫ్రిజ్‌లో పెట్టబోయి బకెట్ జరిపాడు.

"అన్నా, లోపల సల్లగున్నది. నీ బకెట్ మాత్రం సల్లగ లేదేంది?"

"డిస్‌ప్లే చూడు, 66."

"అది ఫ్రిజ్‌దా, బీర్‌దా? నేను పిండి గిన్నె పట్టుకుని చూస్త గానీ, కిచెన్ల గాలి చూసి చెప్తనా?"

చేయి పెట్టి చూశాను. సెన్సర్‌ని బకెట్‌కు టేపుతో అంటించి, ఫ్రిజ్ గాలి తగలకుండా మీద టవల్ మడత కప్పాను. అరగంటకి 77 చూపింది. చక్కెర తినే ఈస్ట్ తనే వేడి పుట్టిస్తుందని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది నేనే. కానీ బ్రూవరీ ట్యాంకుల్లో సెన్సర్ బీరులోనే మునిగి ఉంటుంది. తెర మీది అంకె బీరుదేనని రోజూ నమ్మి రాయడం నాకు అలవాటైపోయింది.

మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. "పట్టికైతే మస్తుంది. గట్లనే ఇచ్చెయ్, ఎవరికి తెలుస్తది?" అన్నాడు నవీన్. నిజానికి అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. దేని ఉష్ణోగ్రతో రాయలేదు, అంతే. అయినా పైన "ఫ్రిజ్‌లోని గాలి" అని చేర్చి, కింద 77 వేసి, పక్కన "బీరు" అని రాశాను.

మూడు వారాలకు హెడ్ బ్రూవర్ ఒక గుక్క తాగి మిగతాది సింక్‌లో పోసింది. పట్టిక రెండుసార్లు చదివింది. ఆ చివరి అంకె రాయకపోయుంటే నిన్ను సెల్లార్‌లో కూడా ఉంచేదాన్ని కాదంది. ఉద్యోగం రెండో అతనికి వెళ్లింది. నేను నడుముకు బెల్టు కట్టుకుని ఇంకో ఏడు నెలలు గొట్టాలు మోశాను.

అప్పటి నుంచి ఏ పట్టికకైనా మొదటి వరుసలో, కొలుస్తున్నది దేన్నో రాస్తాను. అంకెలు మరీ నిలకడగా వస్తుంటే సెన్సర్ ఎక్కడుందో వెళ్లి చూస్తాను.