వాల్వులు లేని ఇంజిన్

నా చిన్నప్పుడు, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, అనకాపల్లిలో మా తాతయ్య, మా మేనత్త, మేము అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మేనత్త మా నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. నేను చదివే ఆడపిల్లల హైస్కూల్లోనే సైన్సు చెప్పేది. ఇంట్లో అత్త, బడిలో మేడమ్. ఆవిడ క్లాసులోకి వస్తే వెనక బెంచీల వాళ్లు కూడా నిటారుగా కూర్చునేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక రోజు ఇంజిన్ పాఠం చెప్పింది. బోర్డు మీద సిలిండరు, అందులో పిస్టన్, పైన రెండు వాల్వులు గీసింది. ఒక వాల్వు తెరుచుకుంటే పెట్రోలు, గాలి కలిసి లోపలికి వస్తాయి, రెండోది తెరుచుకుంటే పొగ బయటికి పోతుంది అని చెప్పింది. రావికమతం నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల లేచి, “మేడమ్, మీరెప్పుడైనా లోపల సూసేరా?” అని అడిగింది. ఆ పిల్ల పొగరుగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగింది. అత్త సుద్దముక్క బల్ల మీద పెట్టి, లేదమ్మా అంది. ఏళ్ల తరబడి అదే బొమ్మ గీస్తూ వచ్చిన మనిషి. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే దారిలో ఆగి ఉన్న ప్రతి బండి ఇంజిన్‌నూ వంగి చూసింది.

వేసవి సెలవులు ఇచ్చాక సంగతి బయటపెట్టింది. తాతయ్య మోటార్ సైకిల్ ఇంజిన్ విప్పి చూస్తానంది. తాతయ్య దాని మీదే చుట్టుపక్కల ఊళ్లలో ప్రార్థన కూటాలకు తిరిగేవాడు. మోకాళ్లు పట్టేశాక మానేశాడు. బండి కూడా అప్పటికే మొండికేసింది. స్టార్టయ్యేది, కాస్త దూరం వెళ్లేసరికి ఊపు తగ్గిపోయి ఆగిపోయేది. దాన్ని అమ్మేద్దామని నాన్న పాయకరావుపేటలో ఒకాయనతో మాట్లాడుకుని ఉన్నాడు. జూన్‌లో వచ్చి తీసుకెళ్తానని ఆయన మాట ఇచ్చాడు. ఇప్పుడు దీన్ని ముక్కలు చేసి మళ్లీ బిగించలేకపోతే పాత ఇనుము కిందే పోతుందని నాన్న భయం. తాతయ్య మాత్రం, “ఇప్పనీరా. దానికి తెలుసుకోవాలనుంది,” అని కుర్చీ వరండాలోకి లాక్కున్నాడు.

అత్తకు నేను తోడు. ముందు పెట్రోలు ట్యాంకు, తర్వాత సైలెన్సరు తీశాం. ఇంజిన్ పై మూత బోల్టులు ఒక పట్టాన రాలేదు. కిరసనాయిలు పోసి, ఒక రోజు వదిలేసి, మర్నాడు విప్పాం. మూత చేతిలోకి రాగానే అత్త తిరగేసి చూసింది. స్పార్క్ ప్లగ్గు కోసం ఒక్క కన్నం తప్ప అందులో ఏమీ లేదు. వాల్వులు లేవు. సిలిండరులోకి వంగి చూసింది. అక్కడ పిస్టన్ నల్లటి తల ఒకటే కనిపించింది.

“ఎవరో పట్టుకుపోయేరత్తా,” అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. నాన్న వచ్చి చూసి నవ్వాడు. ఇన్నేళ్లుగా మేడమ్ పిల్లలకు ఏటి చెబుతోందో ఇప్పుడు తెలిసిందన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్త ఏదో ఒకటి చెప్పి నాన్న నోరు మూయిస్తే బాగుండునని చూశాను. బళ్లో ఆవిడకు ఎదురు మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు మరి. అత్త చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

“నాకు తెలీదురా. పుత్తకంలో ఉన్నది లేదు. మరిక్కడ ఉన్నదేటో సూద్దాం,” అంది.

అత్త నన్ను కిక్ రాడ్డు చేత్తో మెల్లగా నొక్కమంది. పిస్టన్ కిందికి దిగింది. అది దిగుతున్న కొద్దీ సిలిండరు గోడలో కిటికీల్లాంటి కన్నాలు బయటపడ్డాయి. పైకి వస్తే మూసుకుపోయాయి. మళ్లీ నొక్కమంది, మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లో గుర్తులేదు. సైలెన్సరు బిగించే కన్నంలోంచి అత్త ఒక చీపురుపుల్ల దూర్చింది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు పుల్ల అడ్డంగా తెగింది. అప్పుడు అత్త మొహం వెలిగిపోవడం చూశాను. ఈ బండికి వేరే వాల్వులు అక్కర్లేదు, పిస్టనే తలుపు, తను దిగి దారి తెరుస్తుంది, తను ఎక్కి మూస్తుంది అని తాతయ్యకు వినబడేలా చెప్పింది. వాల్వులున్నవీ లేనివీ అని ఇంజిన్లు రెండు రకాలని, తను బళ్లో చెప్పేది వాల్వులున్న రకం గురించేనని ఆవిడకు ఆ రోజే తెలిసింది.

తెగిన పుల్లముక్క తీయబోతే నా వేలికి నల్లటి పెళ్లలు అంటుకున్నాయి. అత్తకు చూపించాను. టార్చి వేసి చూస్తే, పొగ బయటికి పోవాల్సిన ఆ దారి చుట్టూ మసి గట్టిగా పేరుకుపోయి పుల్ల పట్టేంత సందే మిగిలింది. పొగ పోయే దారి లేకపోతే కొత్త పెట్రోలు ఎలా వస్తుందని అత్త నన్నే అడిగింది. బండి ఎందుకు ఆగిపోతోందో ఇద్దరికీ అర్థమైంది. పిస్టన్‌ను కిందికి దింపి, లోపల పడకుండా గుడ్డ కుక్కి, వెదురుబద్ద చెక్కి ఆ మసి అంతా గీకి తీశాం. సైలెన్సరు కూడా శుభ్రం చేశాం.

బిగించాక మొదట స్టార్టవలేదు. అత్త ప్లగ్గు తీసి తుడిచి మళ్లీ పెట్టింది. ఈసారి బండి వరండా నిండా తెల్లటి పొగ వదిలి అందుకుంది. నాన్న ఎక్కి బెల్లం మార్కెట్ దాకా వెళ్లి, ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడు. “లాగుతోందక్కా,” అన్నాడు. తాతయ్య కళ్లు మూసుకుని ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

జూన్‌లో పాయకరావుపేట ఆయన వచ్చి బండి తీసుకెళ్లాడు. నాకు ఏడుపొచ్చింది. అత్తకు రాలేదు. నాకు కావలసింది నేను తీసేసుకున్నాను కదా అంది.

బడి తెరిచాక అత్త ఆ పాఠం పదో తరగతిలోకి వచ్చిన మాకే మళ్లీ చెప్పింది. “పోయినేడు ఇంజిన్ అంటే ఇదొక్కటే అన్నట్టు చెప్పేను. అది తప్పు. తెలీక చెప్పేను,” అంటూ రెండో బొమ్మ గీసింది. రావికమతం పిల్లను లేపి, నువ్వు అడగబట్టే చూశానమ్మా అంది. ఆ పిల్ల ఎటు చూడాలో తెలియక బెంచీ వైపు చూసింది. క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి అత్త క్లాసులో చేతులు ఎక్కువగా లేచేవి.

నేనిప్పుడు నర్సుని. కొన్నాళ్ల కిందట ఒక కొండ ఊరి ముసలాయన్ని మా వార్డుకు పంపించారు. కేసు షీటులో జ్వరం అని ఉంది. నేను ముందు దుప్పటి తీసి చూశాను. అరికాలిలో ముల్లు విరిగి, చుట్టూ చీము పట్టి ఉంది. ఇదెలా కనిపెట్టారని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. కనిపెట్టిందేమీ లేదు. ఎవరొచ్చినా కాగితం తర్వాత చదువుతాను, మనిషిని ముందు చూస్తాను. ఆ అలవాటు మా అత్త దగ్గర, వరండాలో, మసి చేతులతో నేర్చుకున్నాను.