పడడం నేర్పిన మేష్ట్రు

మా చిన్నప్పుడు... బెంగళూరు పేటలో, సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగిందంటే మా నేతవాళ్ళ సంఘం హాల్లో ఇంకో చప్పుడు మొదలయ్యేది. ధబ్... ధబ్... కొబ్బరిపీచు పరుపులు పరిచి, పైన టార్పాలిన్ బిగించి కట్టి, దాని మీద పిల్లలకు జూడో నేర్పేవారు మా మేష్ట్రు. పగలంతా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం, సాయంత్రం మాతో పాట్లు.

తొంభైల నాటి మాట. జడలు బిగించి కట్టుకుని నేనూ, నా వెనకే మా తమ్ముడు చిన్నా చేరాం. ఎవరినైనా ఎత్తి పడేయడం ఎప్పుడెప్పుడా అని నాకు ఒకటే ఉబలాటం. మేష్ట్రు మాత్రం నెలల తరబడి పడడమే నేర్పారు! వెనక్కి పడు, చేతులతో నేలను చరుచు, లేచి నడుం వంచి వందనం చెయ్యి... మళ్ళీ పడు. వెనక్కి పడేటప్పుడు కళ్ళు నడుముకున్న బెల్టు ముడి మీదే ఉండాలి. అలా చూస్తే గడ్డం ఛాతీకి ఆనుతుంది, తల నేలకు తగలదు. నిద్రలో లేపి అడిగినా ఈ పాఠం అప్పజెప్పేవాళ్ళం.

మా అమ్మకు ఇదంతా ఒళ్ళుమంట. చిన్నా అసలే బక్కప్రాణి. వాడికి చిన్న దెబ్బ తగిలినా ఆమె విలవిల్లాడిపోయేది. బిడ్డల్ని పడకుండా చూసుకోవాలి గానీ, పడమని నేర్పే మనిషిని ఎక్కడా చూడలేదని రోజూ సణుగుడే. చివరికి నాన్నకు తేల్చి చెప్పేసింది... ఈ నెలతో సరి, పిల్లలు మానేస్తారని. నేను అలిగి అన్నం మానేశాను. ఆమె కరిగితేగా!

ఆ వారమే వాన పట్టుకుంది. మిద్దె మెట్లన్నీ పాచి. ఆరేసిన బట్టలు తీయడానికి అమ్మ వెంట ఎక్కిన చిన్నా, దిగుతూ సర్రున జారి, వెల్లకిలా కింద బండల మీద పడ్డాడు. ధబ్‌మని చప్పుడు. అమ్మ చేతిలోని బట్టలు జారిపోయాయి. కింద గుమ్మంలో ఉన్న నేను వాడి తల పగిలిందనే అనుకున్నాను.

వాడు లేచాడు. లేచి, రెండు చేతులూ తొడలకు ఆనించి, ఎదురుగా ఉన్న రుబ్బురోలుకు నడుం వంచి వందనం చేశాడు!

అది చూసి అమ్మ ఇంకా హడలిపోయింది. తలకు దెబ్బ తగిలి మతి చెదిరిందనుకుంది పాపం. వాడిని చంకనేసుకుని ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తింది. జనం పోగయ్యారు. హాల్లో పరుపులు సర్దుకుంటున్న మేష్ట్రు ఆ కేకలకు వానలోనే వచ్చారు. ఆయన ముఖాన నెత్తురు చుక్క లేదు. చిన్నా తల వెనకంతా వేళ్ళతో తడిమి, ఇక్కడ తగిలిందా అని మెల్లగా అడిగారు.

"తగల్లేదు మేష్ట్రూ. బెల్టు కట్టుకోలే గదా... బొడ్డు చూసుకుంటా పడినా."

మేష్ట్రు తడి అరుగు మీద అలాగే కూర్చుండిపోయారు. తర్వాత తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు కూడా కందిపోయిన అరచేతులకు తప్ప మందే అక్కర్లేదన్నాడు. అమ్మయ్య... ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు గుండె మీంచి బరువు దిగినట్టే ఉంటుంది.

మర్నాడు సాయంత్రం అమ్మే మమ్మల్ని హాలుకు తీసుకెళ్ళింది. చెప్పులు బయట విడిచి, కొంగు నిండుగా కప్పుకుని మేష్ట్రు ముందు నిలబడింది.

"ఎత్తి పడేసేది నిదానంగా నేర్పుదురు గానీ మేష్ట్రూ... వీళ్ళకి పడేదే ఇంకా బాగా నేర్పండప్పా."

నా ఉబలాటం మళ్ళీ వాయిదా!

ఇప్పుడు ఆ హాలు లేదు, బట్టల షోరూం వచ్చింది. మా అపార్ట్‌మెంట్లో పిల్లలు ఆడుకునే చోట మెత్తటి రబ్బరు పరిచారు. మంచిదే... అయినా ఒక్క పిల్ల తూలితే చాలు, పెద్దవాళ్ళం నలుగురం పరిగెత్తుతాం. వాళ్ళంతట వాళ్ళు లేచేదాకా ఆగే ధైర్యం నాకూ లేదు.

చిన్నప్పుడు మిమ్మల్ని ధైర్యంగా పడనిచ్చిన వాళ్ళెవరు? చెప్పండి... వాళ్ళను కూడా ఒకసారి తలుచుకుందాం.