అది నిద్ర కాదన్న డాక్టరమ్మ

మా మత్తు డాక్టరమ్మ పోయిందన్న కబురు తాడిపత్రికి అనంతపురం బస్సు కండక్టరు తెచ్చాడు. బడి వాకిట్లో నిలబడి, "సారూ, డాక్టరమ్మ తెల్లారుజామున పోయిందంట. గుండె ఆగిందంట" అన్నాడు. పిల్లలకు చెప్తున్న లెక్క సగంలో ఉంది. దాన్ని పూర్తి చేసి బయలుదేరాను.

కోసిన డాక్టరును ఊరంతా తలుచుకుంటుంది. మత్తిచ్చిన డాక్టరు ముఖం ఎవరికీ గుర్తుండదు. చూసిన కాసేపటికే కళ్ళు మూతపడతాయి. మా ఇంట్లో మాత్రం అందరికీ గుర్తున్నది ఆమె ముఖమే.

సేద్యం ఎండిపోయాక మా నాయన బండలు కోసే ఫ్యాక్టరీలో చేరి, ఏళ్ళ తరబడి రాతి దుమ్ము పీల్చాడు. డెబ్బైల చివర్లో, నేను బడిపంతులుగా చేరిన కొత్తలో, ఆయనకు పేగు మెలిపడింది. బండల లారీలోనే అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ వచ్చి ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఆమెది ఉరవకొండ దగ్గర చెనిక్కాయలు పండించే ఇల్లు. మాట మా మాటే.

"దాపెట్టనన్నా. కోయకపోతే బతకవు. కోస్తే, నా మత్తులోంచి లేస్తావో లేదో చెప్పలేను. నీ ఊపిరితిత్తులు బాగలేవు."

నాయన ఆమె వైపు చూసి, "నువ్వు ఆడ్నే ఉంటావా తల్లీ?" అని అడిగాడు.

"యాడికీ పోను."

కోత బాగానే జరిగింది. మధ్యాహ్నానికి నాయన ఎర్రబడిన ముఖంతో, నుదుట చెమటతో, ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉన్నాడు. "ఎన్నాళ్ళకు ఇంత బాగా నిద్రపోతాండాడో" అని అమ్మ తృప్తిపడింది. డాక్టరమ్మ వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని చూసింది. పిలిచింది. ఆయన పలకలేదు.

"అది నిద్ర కాదమ్మా."

గొంతులోకి మళ్ళీ ఊపిరి గొట్టం వేసి, నల్ల రబ్బరు తిత్తిని చేత్తో నొక్కడం మొదలుపెట్టింది. ఆ పని చేసే యంత్రం అప్పట్లో అక్కడ లేదు. నొక్కుతూనే నాకు చెప్పింది: తిన్నది ఒంట్లో మండితే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది, రక్తం దాన్ని ఊపిరితిత్తులకు మోసుకొస్తుంది, ఊపిరి వదిలినప్పుడు బయటికి పోతుంది. నాయన ఊపిరితిత్తులు దాన్ని బయటికి పంపలేకపోయాయి. లోపల పేరుకున్నది మత్తయి ఆయన్ను ముంచుతోంది.

"మేం బళ్ళో దాన్ని చెడ్డగాలి అని చెప్తామమ్మా" అన్నాను.

"అట్ల చెప్పొద్దు సారూ. అది కొంచెం పెరిగితేనే ఊపిరి తీసుకోవల్లని ఒంటికి తెలిసేది. మితిమీరితే ఇట్ల పండబెడతాది. మత్తిచ్చేవాళ్ళు దాన్ని కనిపెట్టుకోని ఉండల్ల."

వేళ్ళు కొంకర్లు పోయాక తిత్తిని నా చేతికిచ్చింది. భయంతో గబగబా నొక్కుతుంటే నా మణికట్టు పట్టుకుంది. "లోపలికి పొయ్యేది అందరూ చూస్తారు. బయటికి వచ్చేదాన్ని చూడు. పూర్తిగా రానీ, అప్పుడు నొక్కు."

సాయంత్రం నాయన కళ్ళు తెరిచాడు. అమ్మ ఏడ్చింది. డాక్టరమ్మ గోడకు చేరగిలబడి, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసుకుంటూ కూర్చుంది.

ఆయన మళ్ళీ బండలకే పోయాడు. చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన కనుబొమల్లోని తెల్లటి పొడి చూసి ఆమె అడిగింది: "మళ్ళా ఆ దుమ్ములోకే పోయినావా అన్నా?"

"వాన పళ్ళేదు గదా తల్లీ. ఇంగేం చేసేది?"

ఆమె ఆ ఏడే తాడిపత్రికి వచ్చి, ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోమని కూలీలకు చెప్పింది. కొందరు కట్టుకున్నారు. ఎండలు ముదిరాక, ఊపిరాడటం లేదని తీసేశారు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం నాయనను చివరిసారి ఆమె దగ్గరికే తీసుకుపోయాం. పొద్దున్నుంచి ఆయాసంతో కొట్టుకుంటున్న మనిషి మెల్లగా మగతలోకి జారాడు. తిత్తి తెప్పించమన్నాను, ఎంతసేపైనా నేనే నొక్కుతానన్నాను.

"నొక్కితే ఈ పొద్దు గడుస్తాది సారూ. కొత్త ఊపిరితిత్తులు యాడ తెచ్చేది?" అన్నది. నాయన చెయ్యి పట్టుకుని చూసి, "ఇంగ ఆయనకు ఆయాసం తెలీదు. వదల్లేకపోయిన ఊపిరే మత్తిస్తాండాది. నేనిచ్చే పని లేదు" అన్నది.

అమ్మను మంచం పక్కన కూర్చోబెట్టి, నాయన నుదుటి చెమట తుడుస్తూ అక్కడే ఉంది. ఆయన పోయాక కూడా చాలాసేపు లేవలేదు.

డాక్టరమ్మను సాగనంపడానికి బండల పనివాళ్ళు కొందరు నాతో అనంతపురం వచ్చారు. శ్మశానం దారిలో దింపుడుకల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉందేమోనని చెవిలో పిలిచే చోటు అది. ఉరవకొండ నుంచి వచ్చిన తమ్ముడు వంగి "అక్కా" అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి చెవికి మరింత దగ్గరగా వంగి పిలిచాడు. గాలికి ఆమె ఎద మీది గుడ్డ కొద్దిగా లేచి, అణిగింది. గట్టు ఎక్కిన ఆయాసంతో పనివాళ్ళు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, ఆ గుడ్డనే చూస్తూ నిలబడ్డారు.